మడమ నొప్పి తగ్గేదాకా

“అబ్బా, చచ్చానమ్మా!” బల్ల మీద బోర్లా పడుకున్న ఆమె కేక పెట్టింది.

ఫిజియోథెరపీ అమ్మాయి నవ్వేసింది. “మడమకి జెల్ రాశానంతే ఆంటీ. షాక్‌వేవ్ మిషన్ ఇంకా ఆన్ చెయ్యనేలేదు.”

పక్క కుర్చీలో భర్త ఫోన్‌లోంచి తలెత్తాడు.

“అయినా మీరు అదృష్టవంతులు,” అంది అమ్మాయి ఆమెతో. “ప్రతిసారీ అంకులే వెంటబెట్టుకొస్తారు.”

“రాక తప్పుతుందా? దీని నొప్పి తగ్గేదాకా ఇంట్లో ఉంటానని మాటిచ్చాను. తగ్గాక ఎవరి దారి వాళ్ళది.”

అమ్మాయి మిషన్ ఆన్ చేసింది. టకటకమని దెబ్బలు మడమలోకి దిగుతున్నాయి.

“నొప్పుందా ఆంటీ?”

“ప్రాణం పోతోందే తల్లీ!” ఆమె అరిచింది గానీ, కాలు కదపడం మరిచిపోయింది.

భర్త లేచి వచ్చి ఆ కాలినే చూశాడు. “మొదట్లో ఇందులో సగానికే ఎగిరిపడేదానివి. ఇక చాల్లే నాటకం.” కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

“ఏవండీ!” ఆమె బల్ల దిగి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లన్నీ దూకుతూ రోడ్డు మీదికి పరుగెత్తింది. కదలబోతున్న కారు తలుపు పట్టుకుంది.

అతను అద్దం దించి ఆమె పాదాలకేసి చూశాడు.

“బాగా పరుగెత్తావే,” అన్నాడు మెచ్చుకుంటూ. “ఎక్కడా కుంటలేదు.”

అద్దం పైకి లేచింది.