నడుము లేని ఉకులేలే

"సోమవారం లోపు నీ గొంతుకి సరిపడే ఉకులేలే తెచ్చుకో. లేకపోతే పాట ఇంకొకరికి ఇచ్చేస్తాను" అంది స్కూల్ బ్యాండ్ మేడమ్.

స్నిగ్ధది బొంగురు గొంతు. చేతిలోని నాలుగు తీగల బుల్లి గిటారేమో కీచుమనే రకం.

శనివారం తల్లి కమలాకుమారితో ఢిల్లీ మెట్రో ఎక్కి, మయూర్ విహార్ నుంచి జనక్‌పురిలోని వాయిద్యాల దుకాణానికి వెళ్లింది.

వెళ్లగానే ఒక నీలం ఉకులేలే మీద కన్ను పడింది. సన్నటి నడుము, మధ్యలో పెద్ద రంధ్రం.

మూల స్టూలు మీద కోతిటోపీ పెట్టుకున్న ముసలాయన టీ తాగుతున్నాడు.

"ఏక్ లైన్ గావో, బేటీ."

స్నిగ్ధ ఒక ముక్క పాడింది.

ఆయన జేబులోంచి మెట్రో కార్డు తీసి, నీలం దాని రంధ్రానికి సగం అడ్డుపెట్టి తీగ మీటాడు. కీచుదనం కాస్త దిగింది.

"రంధ్రం పెద్దదైతే నాదం పైకి పోతుంది. నీకు చిన్న రంధ్రం, పెద్ద పొట్ట కావాలి" అని హిందీలో చెప్పి, అనాసపండు ఆకారంలో ఉన్నదొకటి అందించాడు. దానికి నడుమే లేదు. "పనస చెక్క" అన్నాడు గర్వంగా.

కమలాకుమారికి ఢిల్లీలో ఒక ధీమా ఉంది. ఎవరి ఎదుట ఏదైనా తెలుగులో అనేయొచ్చు. లిఫ్టులో, మెట్రోలో, కూరగాయల బండి దగ్గర పదిహేనేళ్లుగా అనేస్తూనే ఉంది.

"నవ్వుతూ తల ఊపు, స్నిగ్ధా. మూలపడ్డ సరుకు అంటగడుతున్నాడు."

"క్యూట్‌గా కూడా లేదు మమ్మీ."

"అనాస ఆకారం, పనస చెక్క! ఉకులేలేనా, ఫ్రూట్ సలాడా? ఆ టోపీలోంచి ఈయనకసలు ఏమైనా వినబడుతుందంటావా?"

ముసలాయనకి టీ పొలమారింది.

"అచ్ఛా అంకుల్, థాంక్యూ" అంది కమలాకుమారి పైకి, ఎంతో మర్యాదగా.

నీలం ఉకులేలే ఇంటికొచ్చింది.

సాయంత్రానికే స్నిగ్ధ ముఖం వాడిపోయింది. పాటది ఒక దారి, తీగలది ఒక దారి. చివరికి తనూ మెట్రో కార్డు అడ్డుపెట్టి మీటి చూసింది. కాస్త నయం.

"మమ్మీ, అంకుల్ వాజ్ రైట్."

"కార్డు పట్టుకుని స్టేజీ ఎక్కుతావా ఏమిటి? రేపు పోయి మార్చుకొద్దాం."

ఆదివారం మార్చుకున్నారు. స్టూలు ఖాళీగా ఉంది.

సోమవారం పాట స్నిగ్ధకే దక్కింది. రెండో చరణం దాకా కూడా ఆగకుండానే మేడమ్ సరే అనేసిందట.

కమలాకుమారి సంతోషంగా దుకాణానికి ఫోన్ చేసింది. "భయ్యా, మీ సేల్స్‌మన్ అంకుల్‌కి థాంక్స్ చెప్పాలి."

"సేల్స్‌మన్ కాదు దీదీ, మీరు మార్చుకెళ్లిన ఉకులేలే చేసిందే ఆయన. ఏడాదికోసారి సరుకిచ్చి వెళ్తాడు. నిన్న రైలెక్కేశాడు. పేరు లోపల అతికించి ఉంటుంది చూడండి, ఆ లిపి నాకు రాదు."

స్నిగ్ధ ఫోన్ లైటు పట్టుకుంటే, కమలాకుమారి ఒక కన్ను మూసి రంధ్రంలోకి తొంగిచూసింది.

లోపల చిన్న కాగితం మీద, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, 'వీరరాఘవులు, వీణలు చేయువారు, బొబ్బిలి' అని రాసి ఉంది.