నాయన ఫొటో

"ఈ ఫొటో ఇయ్యన్నా, మా ఇంటాయనదని పెట్టుకుంటా" అంది మైపాడు నుంచి వచ్చిన అంకాలమ్మ.

నెల్లూరు వీధుల్లో కనపడ్డవాళ్లనల్లా ఫొటో తీసి, వాళ్ల బతుకులు అడిగి తెలుసుకోవడం రంగనాయకులుకు పిచ్చి. బల్ల మీద పరిచిన ఆ ఫొటోల్లోంచి ఆమె ఒకదాన్ని ఏరింది.

"ఇతను నీ మొగుడు కాదు గదమ్మా! జట్కా తోలే హజరత్తయ్య. నిక్షేపంగా ఉండాడు."

"తెలుసన్నా. మావోడు పడవతో సహా సముద్రంలో కలిసిపొయ్యినాడు. ఒక్క ఫొటో లేదు. రేపు నా బిడ్డ, నాయన ఎట్టుంటాడని అడిగితే ఏం చూపించేది?"

"బతికుండేవోడికి దండేస్తావా? పాపం గదా!"

"దండెయ్యనులే. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆమె నిజంగానే వంగింది. రంగనాయకులు గబుక్కున వెనక్కి జరిగాడు.

"పోలికలన్నా ఉండాయా?"

"పోలికలుండేది వీడికి." ఆమె ఇంకో ఫొటోను వేలితో దూరంగా నెట్టింది. చిట్లించిన కళ్లు, బిగబట్టిన దవడలు.

"మరి అదే తీసుకో."

ఆమె మోచేతి మీది వాతను కొంగుతో కప్పుకుంది. చేతిలోని ఫొటోలో హజరత్తయ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"ఆ మొహాన్ని నేను చూసింది చాలు. బిడ్డకైనా నవ్వే నాయన్ని ఇయ్యన్నా."