చేతికిచ్చిన జడ

“కుర్చీ బండి ఏదిరా?” అన్నారు వెంకటసుబ్బారావు మాస్టారు, విమానం దిగిన చోటే గోడకి ఆనుకుని.

“వస్తోందండీ. మీరు నడవకండి. మోకాలు చూసుకోండి,” అన్నాడు హర్షవర్ధన్.

సింగపూర్ నుంచి వచ్చినవాళ్లంతా వాళ్లని దాటుకుని పోయారు. హైదరాబాద్‌లో దిగేసరికి ఒంటిగంటా ఇరవై. గన్నవరం విమానం మూడూ అయిదుకి. ఎనిమిదిన్నరకి కూచిపూడిలో ఆట. అందులో నాయిక వేషం మాస్టారిది. నలభై ఒక్క ఏళ్లుగా ఆయనదే. వేషం కట్టడానికే రెండున్నర గంటలు పడుతుంది.

“ఇంత బిగువుగా తీశావేంట్రా టికెట్లు?”

“దీని తర్వాతది రాత్రికేనండీ. అదెక్కితే మంగళం పాడాక చేరతాం. గంటా ముప్పావు చాలండీ. నగల పెట్టె తిన్నగా గన్నవరం పోద్ది. మనం ఉత్తచేతుల్తో ఇది దిగి అది ఎక్కడమే.”

మాస్టారు మళ్లీ అడగలేదు. పదమూడేళ్లుగా టికెట్లూ, బసలూ, మోకాలికి తైలం రాయడం, అన్నీ హర్షే చూస్తున్నాడు. సింగపూర్‌లో నెల్లాళ్లు అక్కడా ఇక్కడా ఆడారు. ఒక్కరోజు కూడా ఆయనకి వేళ తప్పి కాఫీ అందలేదు.

మాస్టారి భుజాన తోలు సంచి ఉంది. అందులో నాయిక వేషానికి పెట్టుకునే జడ. నగల పెట్టె సామానులో వేస్తారు గాని జడని వేయనివ్వరు. నాలుగు తరాల నాటిది. గురువు తన చేత్తో తీసి శిష్యుడి చేతిలో పెడితేనే ఆ వేషం శిష్యుడిది. పెట్టేదాకా వాడెంత ఆడినా చెలికత్తె. అది ఆ ఇంటి ఆచారం. హర్షకి ముప్పై ఆరేళ్లు. ఇంకా చెలికత్తే.

సింగపూర్‌లో ఎవరో అడగనే అడిగారు, జడ ఎప్పుడిస్తారని. “నా కాళ్లు ఆగిన రోజున,” అన్నారు మాస్టారు. అందరికంటే ముందు నవ్వింది హర్షే. “నూరేళ్లు ఆడండి మాస్టారూ. నాకు చెలికత్తె చాలు,” అన్నాడు.

ఇరవై నిమిషాలకి కుర్చీ వచ్చింది.

“ఇంతసేపేంటయ్యా?” అన్నారు మాస్టారు.

“మాకిప్పుడే కబురొచ్చిందండీ,” అన్నాడు తోసేవాడు.

“సింగపూర్‌లోనే చెప్పాను. వీళ్లింతే,” అని విసుక్కున్నాడు హర్ష.

పాస్‌పోర్టుల మీద ముద్రలు పడ్డాయి. తోసేవాడు అడిగాడు. “మీ పెట్టె ఏ బెల్టు మీద వస్తుందండీ?”

“పెట్టె గన్నవరం పోతుంది.”

“పోదండీ. బయటిదేశం నుంచి దిగితే ఇక్కడే తీసుకోవాలి. కస్టమ్స్ దాటి, పైకెళ్లి, మళ్లీ కౌంటర్లో వేయాలి. అందరికీ అంతే.”

హర్ష నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. “నన్ను చెప్పుచ్చుకు కొట్టండి మాస్టారూ. ఎవడో చెప్తే నమ్మాను.”

“తర్వాత కొడతాను గాని, ముందు పెట్టె చూడు.”

అందరి పెట్టెలూ వచ్చాయి. నగల పెట్టె ఆఖర్న వచ్చింది. కస్టమ్స్ ఆయన మూత తీయించి గిల్టు నగలు అటూ ఇటూ తిప్పి చూశాడు. పైకి చేరేసరికి రెండూ ఇరవై.

“రెండూ అయిదుకే మూసేశామండీ,” అంది కౌంటర్లో అమ్మాయి.

“పెట్టె ఇక్కడే వదిలేస్తానమ్మా. నన్నొక్కణ్నీ పోనీ.”

“మీకు బోర్డింగ్ పాస్ లేదండీ. ఈయన నిన్ననే ఫోన్‌లో తీసుకున్నారు. చేతిసంచేగా, ఈయన వెళ్లొచ్చు.”

మాస్టారు హర్ష వైపు చూశారు.

“మీదీ చూశానండీ. కుర్చీ అడిగినవాళ్లు కౌంటర్‌కే రావాలంట,” అన్నాడు హర్ష. “అయినా మిమ్మల్నొదిలి నేనెక్కడికి పోతానండీ? కారు మాట్లాడతాను.”

“కారులో ఎంతసేపు?”

“ఏడు గంటలు.”

“తెర లేచాక చేరి ఏం చేస్తాంరా, విసనకర్రలు పంచుతామా?”

మాస్టారు మోకాలి మీద అరచేత్తో చరిచారు. “నలభై ఒక్క ఏళ్లు నమ్ముకున్నాను దీన్ని. ఇదే నన్ను మోసం చేసింది. నడవగలిగితే ఈపాటికి అందరితోపాటు లోపలుండేవాణ్ని. దీన్ని నమ్మి నేను ఊరిని మోసం చేశాను.”

ఆయన సంచి విప్పారు. పట్టుగుడ్డ మడతలు తీశారు. జడ బయటికి వచ్చింది.

హర్ష రెండడుగులు వెనక్కి వేశాడు. “వద్దు మాస్టారూ. ఇలా వద్దండీ.”

“ఎలాగైతేనేం? ఆగినయ్యిగా కాళ్లు. పట్టు.”

“నావల్ల కాదండీ.”

“పట్టరా! వేళ మించిపోతోంది. నేను లేకపోతే పోనీ, ఊళ్లో ఆట ఆగకూడదు.”

హర్ష దోసిలి పట్టాడు. మాస్టారు జడ పెట్టారు. చేతులు వెంటనే తీయలేకపోయారు. హర్ష అక్కడే, నలుగురి మధ్యా, ఆయన పాదాల మీద పడి ఏడ్చాడు.

“లే. పో. వెనక్కి చూడకు.”

హర్ష వెళ్లాడు. వెనక్కి చూడలేదు.

మాస్టారు పెట్టె పక్కన చాలాసేపు కూర్చున్నారు. మూడూ అయిదు దాటాక ఫోన్ తీసి, ఉత్సవం పనులు చూసే పద్మావతమ్మకి చేశారు.

“అమ్మా, నన్ను క్షమించాలి. విమానం తప్పిపోయింది. హర్ష వస్తున్నాడు. జడ వాడి చేతిలోనే పెట్టాను.”

“అయ్యో, అలాగా మాస్టారూ. నగల పెట్టె మీ దగ్గరే ఉండిపోయిందా? నగలు ఇక్కడివి సర్దుతాంలెండి.”

“ఇంకొక్క మాటమ్మా. తెర తీసేముందు మైకులో చెప్పించు. కరపత్రంలో నా పేరున్నా, ఈ ఏడు నాయిక వేషం హర్షవర్ధన్‌దని.”

అవతల కరపత్రం విప్పిన చప్పుడైంది.

“మూడువారాల కిందట హర్ష ఫోన్ చేసినప్పుడే నాయికకి అతని పేరు వేయించేశాం కదండీ.”