మేడ మీది తీతువు

"తాళంచెవి ఇస్తవా, ఇయ్యవా?" లింగం చెయ్యి చాపి నిలబడ్డాడు.

పుష్పమ్మ బండి తాళంచెవిని గుప్పిట్లో ఇంకా గట్టిగా బిగించింది. "ఇయ్య. ఇయ్యాల డ్యూటీకి పోవద్దు."

"ఒంటిగంట దాటింది. రెండింటికి గేటు లోపల ఉండకుంటే ఆబ్సెంట్ ఏస్తరు."

"ఏస్తే ఏయనీ. మనిషి ఉంటే చాలు."

"మల్ల ఆ పిట్ట ముచ్చటేనా?"

"మల్ల ఆ పిట్టనే! సోమారం నుంచి చూస్తున్న. నీ బండి గల్లీ మలుపు తిరుగుడే ఆలస్యం, నెత్తి మీద తీతువు ఒకటే ఏడుపు. మూడు రోజులు, మూడుసార్లు. నువ్వు ఇంట్ల ఉన్నంతసేపు కిక్కురుమనదు. మన గల్లీల కౌసల్యమ్మ ఏమన్నదో ఎరుకేనా? తీతువు ఎవల మీద ఏడిస్తే వాళ్ళు ఇంటికి తిరిగి రారట."

"కౌసల్యమ్మ మాట నిజమైతే ఈ కిష్టారెడ్డిపేట్ల ఒక్క మనిషి మిగలకపోవు. చెరువు పొంట అన్నీ అవే పిట్టలు."

"నీకు నవ్వులాట. నువ్వు పనిచేసేది మందుల కంపెనీల రియాక్టర్ కాడ. ఆ సైరన్ మోగినప్పుడల్లా నా పానం నా కాడ ఉండదు." నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా పుష్పమ్మ తినలేదు. అతని బండి చప్పుడు వినబడేదాకా వాకిట్లోనే నిలబడింది.

లోపలి గదిలోంచి నిషిత వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. ఆరోజు కాలేజీ లేదు. ఆదివారమైతే చాలు, కాలేజీ సారు వెంట చెరువు గట్టుకు పోయి, కనబడ్డ పిట్టనల్లా పుస్తకంలో రాసుకుంటుంది. ఆ బురద, ఆ కంపెనీల నీళ్ళు, పాములు అని పుష్పమ్మ దానికీ భయపడుతుంది.

"బాపూ, ఐదు నిమిషాలు ఆగు. అమ్మా, నువ్వు జెర మేడ మీదికి రా."

"నేను రాను. దాని నీడ పడొద్దు."

"నేనున్న కదా, రా."

మేడ మెట్లు ఇంటి లోపలివే. పిట్టగోడ ఇంకా కట్టలేదని, ఎవరైనా జారి పడతారని, పుష్పమ్మే పై తలుపుకు తాళం వేసి నెల దాటింది. అమ్మానాన్నలు వెనకే రాగా, నిషిత ఆ తాళం తీసి అడుగు బయట పెట్టిందో లేదో, నల్లటి తల, పొడుగాటి పసుప్పచ్చ కాళ్ళ పిట్ట ఒకటి చివ్వున లేచింది. టిట్టిటీ, టిట్టిటీ అంటూ ముగ్గురి తలల మీదుగా గిరికీలు కొట్టింది. పుష్పమ్మ కెవ్వుమని లింగం చొక్కా పట్టుకుంది.

"అగో, ఆ మూలకు కంకర ఉన్నది చూడు. దగ్గరికి పోకు, ఈడికెళ్ళే చూడు," అంది నిషిత.

మొదట రాళ్ళే కనబడ్డాయి. కళ్ళు చికిలించి చూస్తే నాలుగు గుడ్లు, రాళ్ళ రంగులోనే, నల్లటి మచ్చలతో.

"ఇది గూడు కట్టదమ్మా. కంకర్లనే గుడ్లు పెడ్తది. చెరువు చుట్టు జాగంతా ప్లాట్లు చేసిరి, ఇగ అది మన స్లాబు మీదికొచ్చింది."

"మరి గంత ఏడుపెందుకే?"

"ఏడుపు కాదు, తిట్టు. గుడ్ల కాడికి మనిషొస్తే ఊకోదు. మనం దిగిపోదాం, నువ్వే చూడు."

ముగ్గురూ తలుపు చాటుకు వచ్చి సందులోంచి చూశారు. పిట్ట, పక్కనే మేడను ఆనుకుని పని ఆగిపోయి ఉన్న అపార్టుమెంటు అంచున వాలి, ఇటూ అటూ చూసి, మెల్లగా వచ్చి గుడ్ల మీద కూర్చుంది. నోరు మూసింది.

"అచ్చం నీ లెక్కనే ఉన్నదే," అన్నాడు లింగం. "పిల్లల కాడికి ఎవడొచ్చినా లొల్లి లొల్లి."

ఈ మూడు రోజుల్లో మొదటిసారి పుష్పమ్మ నవ్వింది. సిగ్గుపడుతూ తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "పోయినంక ఫోన్ చెయ్యి. చెయ్యకుంటే మల్ల భయపడ్త."

అతని బండి గల్లీ మలుపు తిరిగింది. పుష్పమ్మ పై తలుపుకు తాళం వేసి వచ్చి, కంచాల్లో అన్నం పెట్టింది. నిషిత తన పుస్తకంలో తేదీ వేసి, నాలుగు గుడ్లు అని రాస్తోంది.

పైన తీతువు అరిచింది.

ఈసారి పుష్పమ్మ భయపడలేదు. "అగో, మొదలువెట్టింది నీ తిట్ల పిట్ట. ఏ కాకినో తిడుతున్నట్టున్నది. కూర ఇంకింత ఎయ్యనా?"

నిషిత రాయడం ఆపింది. పిట్ట మాత్రం ఆపడం లేదు. గిరికీలు కొడుతూ ఒకటే అరుపు, ఇందాక ముగ్గురూ పైకి వెళ్ళినప్పటిలాగే.

"కాకి కాదు," అంది మెల్లగా. "కాకినైతే ఎగబడి తరుముతది, రెండు కూతల్ల అయిపోతది. అమ్మా, ఈ మూడు రోజులు నేను కాలేజీకి పోయినంక ఇంట్ల నువ్వొక్కదానివే ఉన్నవు కదా?"

"ఒక్కదాన్నే. ఎందుకే గట్ల అడుగుతవు?"

నిషిత లేచి తల్లి చెయ్యి పట్టుకుంది. చెవి దగ్గరికి వంగి, వినబడీ వినబడనట్టు అంది.

"అది బాపు పోయేది చూసి అరుస్తలేదమ్మా. బాపు పోయేది చూసి మేడ మీదికొచ్చేటోన్ని చూసి అరుస్తున్నది."