ఇంటిపేరు తేలని పురుగు

అంజినప్ప చేను మూల ఎవరో కొత్తాయన గొంతుక్కూర్చొని, ముళ్ళపొదలోకి భూతద్దం పెట్టి చూస్తున్నాడు.

"ఏమే, నీళ్ళు జూసే ఆయన వచ్చినట్లుండాదే!" అంజినప్ప పెళ్ళాం సుంకమ్మను కేకేశాడు.

బోరు బండి రేపే వస్తుంది. ఈ బోరూ ఎండితే ఇంటికి తాళమేసి బెంగుళూరు బస్సెక్కాల్సిందే. పాయింటు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు.

"ఏమప్పా, నీళ్ళు యాడుండాయి?"

"నేను నీళ్ళాయన్ను కాదన్నా. దీనికోసం గుంతకల్లు నుంచి వచ్చినా."

ఎండుపుల్ల అనుకున్నది కదిలింది. వీపు విల్లులా వంచి, జానలు కొలుస్తూ కొమ్మ మీద నడిచింది.

"దాసరి పురుగే గదా!"

"ఆ జాతే. రెక్కలొచ్చినాక చూస్తే గానీ దీని ఇంటిపేరు తేలదు. ఏ గుంపులో కలపాల్నో ఇంతవరకూ ఎవరికీ తెలీదు."

"పురుక్కు ఇంటిపేరా!" సుంకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ముందు నీ ఇంటిపేరు చెప్పు సామీ."

అంజినప్ప నవ్వలేదు. నీళ్ళ జాడ చూడమని టెంకాయ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన తిరిగిచ్చేశాడు.

"ఈ చేన్లో బోరెయ్యొద్దన్నా. ఈ పురుగు ఈ పొద ఆకే తింటాది. ఈ పొద బండ మీదే మొలుస్తాది. కిందంతా బండే."

"బెట్టు చేస్తాండాడు," అంజినప్ప పెళ్ళాం చెవిలో అన్నాడు.

పిట్టలు తినకుండా ఆయన ఆ కొమ్మకు పల్చటి తెల్లగుడ్డ చుట్టి కట్టాడు.

"రేపొస్తా. దీన్ని కదిలించొద్దండి."

ఆయన మలుపు దాటాడో లేదో అంజినప్ప మొహం వెలిగింది.

"గుర్తు పెట్టి పోయినాడే!"

"వద్దన్నాడు గదయ్యా?"

"పెద్దోళ్ళు నోటితో వద్దంటారు, చేత్తో చూపిస్తారు."

తెల్లారి బోరు బండి ఆ పొదను పెరికి అక్కడే దిగింది.

దుమ్ము లేచింది. పొద్దు వాలేదాకా దుమ్మే. చెయ్యి తడవలేదు.

కొత్తాయన వచ్చేసరికి అంజినప్ప ఆ దుమ్ములోనే కూలబడి ఉన్నాడు.

"గుర్తు పెట్టి ముంచితివి గదప్పా!"

ఆయన పెరికేసిన కొమ్మల కుప్పలో వెతికి గుడ్డ తీశాడు. విప్పి చూశాడు. మళ్ళీ మడిచాడు.

"ఇంక దీని ఇంటిపేరు తేలదన్నా."

అంతే. కుందుర్పి దోవ పట్టి పోయాడు.

వారం తిరక్కుండానే మూటలతో రోడ్డు మీద నిలబడ్డారు మొగుడూ పెళ్ళాం. బస్సు దుమ్ము కనబడుతోంది.

"వచ్చిన ప్రతివోడూ నీళ్ళుండాయనే చెప్పె," సుంకమ్మ మెల్లగా అంది. "లేవని చెప్పినోడు ఆయనొక్కడే. నీళ్ళు జూసే ఆయనంటే ఆయనేనయ్యా."