నాలుగవ పాదం

పెనుకొండలోని ఆ డీటీపీ కొట్టులో అంత రాత్రివేళ నేనూ, టైపు చేసే ఎస్తేరమ్మా తప్ప ఎవరూ లేరు. తెల్లవారితే నా శతకం ధర్మవరం ముద్రణాలయానికి చేరాలి. కాని వ్యాఖ్యానంలో ‘ఈ పద్యం చూడుము’ అన్నచోటల్లా సంఖ్యకు బదులు ‘మూలం దొరకలేదు’ అని పడుతోంది.

“యాదో పద్యం తీసేసినట్లుండారే సామీ! కొమ్మ నరికేసి పిట్టల్ని యాడ వాలమంటారు?” అని ఆమె నవ్వింది.

తీసివేసింది నేనే. అది భార్యావియోగాన్ని గూర్చిన పద్యం. కవి నోట వెలువడిన అశుభం ఫలిస్తుందని పెద్దలంటారు. మూడు పాదాలు పూర్తయ్యేసరికి నా ఇల్లాలు జబ్బుపడి హిందూపురం ఆసుపత్రిలో చేరింది; ఇంకా అక్కడే ఉంది. నాలుగవ పాదం నేను రాయలేదు, మనసులోనైనా కట్టలేదు.

“ఒకతూరి నంబర్లన్నీ అప్‌డేట్ కొట్టి చూస్తా,” అని ఎస్తేరమ్మ మీట నొక్కింది.

తెరమీద తప్పులన్నీ ఒక్కొక్కటే చెరిగిపోయి, ప్రతిచోటా ఒకే సంఖ్య వెలసింది. ఆమె దానిమీద నొక్కింది. పుటలు జారి, చివరి పుట దగ్గర నిలిచాయి.

“ఈడే ఉండాది కదా! ఊరికే దిగులుపడితిరి. నాలుగు పాదాలూ బాగుండాయి. చదువుతా, వినండి సామీ.”

వద్దనబోయాను. ఆమె అప్పటికే మొదలుపెట్టింది. బయట వీధికుక్కల అరుపు సైతం ఆగిపోయింది. ఆమె నా మూడు పాదాలనూ తప్పులేకుండా చదివి, నాలుగవదానికి ఊపిరి తీసుకుంది.