మొరాయించని తుపాకీ

“ఈ రెండిట్లో మొరాయించనిది ఏది అంకుల్?” అంటూ యోగేశ్వరి తన ఫోనును అక్తర్ ముందుకు జరిపింది.

తెర మీద రెండు తుపాకుల బొమ్మలున్నాయి. ఒకటి చెక్క పిడిది, ఇంకొకటి నల్ల ప్లాస్టిక్ పిడిది. ఒక తూటా పేలగానే రెండోదాన్ని తమంతట తామే ఎక్కించుకునే రకాలు. ధర కూడా ఇంచుమించు ఒకటే.

అక్తర్ కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన పాయా లేబర్‌లో ఇంజనీరు. కుర్రతనంలో హైదరాబాదు క్లబ్బులో తండ్రితో కలిసి తుపాకీ కాల్చినవాడు. మలేషియాను ఆనుకునున్న, చూయింగ్ గమ్ము కూడా అమ్మనివ్వని ఈ ఊళ్ళో ఆయన విద్య గురించి ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు హౌగాంగ్‌లో తన అంతస్తులోనే ఉండే అమ్మాయి, కింద టీకొట్టులో ఎదురుగా కూర్చుని మరీ అడుగుతుంటే ఆయనకు టీ సంగతే గుర్తులేదు.

“తుపాకీ ఎవరికి బేటా?”

“నాకే అంకుల్!” పక్కనున్న చిన్నారావు బల్ల చరిచాడు. యోగేశ్వరి మొగుడతను. ఇద్దరూ మలేషియాలో పుట్టి, పనికోసం ఇటు వచ్చినవాళ్ళు. “జోహోర్‌లో మా నాన్న పామాయిల్ తోటుంది కదా. అడివి పందులు మొక్కలన్నీ నమిలేస్తన్నాయి. అక్కడ లైసెన్స్ నా పేరు మీదే వుంది. పాత తుపాకీ పాడైపోయింది. చవగ్గా ఏదో ఒకటి చూడమని దీనికి చెప్పేను. నాకు కాల్చడమే తెలుసు, ఈ వెతుకులాటంతా ఎవడు పడతాడు?”

“వేటకు ఒక్కడివే పోతవా?”

“ఒక్కణ్ణే ఎందుకు? రేకు డబ్బా కొట్టుకుంటా ఇది ముందు నడుస్తాది. పందులు లేస్తాయి, నేను కొడతాను. పనోళ్ళు భయమని రామన్నారు. పెళ్ళానికి భయమేటి?” పగలబడి నవ్వాడు. “కిందటేడు ఓ గుండు దీని పిక్కలో దూరింది. ఇంకా లోపలే వుంది అంకుల్! ఎయిర్‌పోర్ట్‌లో గంట మోగుద్దేమోనని మేం ఒకటే నవ్వు!”

మేం అన్నాడే గానీ నవ్వింది అతనొక్కడే. యోగేశ్వరి కాలు బల్ల కిందికి లాక్కుంది. అక్తర్‌కు ఒళ్ళు మండిపోయింది. అయినా మొగుడూపెళ్ళాల మధ్య మనకెందుకని ఊరుకున్నాడు. చాలామంది పెద్దమనుషులు చేసే పని అదే.

చిన్నారావు టోటో లాటరీ టికెట్టు కొనడానికి లేచాడు. “అలమాక్, బాబోయ్, లైన్ చూడండి! నేనొచ్చేలోపు తేల్చేయ్,” అని భార్య నెత్తిన ఒక మొట్టికాయ వేసి వెళ్ళాడు.

“బేటా, ముందట నడువనని చెప్పు,” అన్నాడు అక్తర్.

“ఓసారి చెప్పేను అంకుల్.” ఆ తర్వాత ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. “అందుకే తుపాకీ సంగతి బాగా తెలుసుకోవాల. నా ప్రాణం కూడా దాంట్లోనే వుంది కదా.”

అక్తర్ మనసు కరిగిపోయింది.

“అయితే నల్లది తీసుకోండ్రి. తేమకు ఆగుతది. మట్టిపడ్డా, చవక తూటాలేసినా పని చేస్తది. చెక్కది సూడనీకి మంచిగుంటది గానీ, అస్సల్ వద్దు.”

“ఎందుకు?”

“మలేషియాల ఇపో అనే ఊర్ల మా కజిన్ ఇబ్రాహీం కొన్నడు. మొదటి తూటా మస్తు పేలుతది. ఇగ ఖాళీది బయటికి రాక ఇరుక్కుంటది. రెండోది ఎక్కదు.”

“ఎప్పుడోసారా, ప్రతిసారీనా?”

“తోటల తేమకు దాదాపు ప్రతిసారి.”

“షాపులో కాల్చి చూస్తే తెలిసిపోదా?”

“తెల్వదు. ఆడ ఏసీల, కొత్త తూటాలతోని మంచిగనే పేలుతది. అదే మోసం.”

“రెండోది పేలకపోతే ఏమవుద్ది?”

అక్తర్ గొంతు తగ్గించాడు. “దెబ్బతిన్న జానవర్ పారిపోదు బేటా. కొట్టినోని మీదికే ఉరుకుతది. ఇబ్రాహీం చెట్టెక్కి బతికిండు. పామాయిల్ చెట్టు ఎక్కనీకి రాదు.”

యోగేశ్వరి అంతా విని, మర్చిపోతానేమో మళ్ళీ చెప్పమంది. ఆయన మురిసిపోతూ మళ్ళీ చెప్పాడు. కూతురు జారాతో ఇవే కబుర్లు ఎత్తితే ‘బోరింగ్ లా, అబ్బా’ అని లేచిపోతుంది.

చిన్నారావు టికెట్టు ఊపుకుంటూ వచ్చాడు. “తేలిందా?”

“తేలింది,” అంది యోగేశ్వరి.

వానలు పట్టుకున్న రోజుల్లో అక్తర్ భార్య సఫియా పక్కింటినుంచి కబురు మోసుకొచ్చింది. చిన్నారావును తోటలో పంది పొడిచి చంపిందట. మొదటి తూటా దానికి తగిలిందట. రెండోది పేలలేదట.

అక్తర్ కూలబడిపోయాడు. నల్లది ఎందుకు పేలదు? తనకు తెలుసనుకున్న విద్యంతా ఉత్తదేనా? అతన్ని చూసి ఆ రోజు ఒళ్ళు మండిన మాట నిజమే. కానీ చావాలని కోరుకున్నాడా? తిండి సహించలేదు.

“మీరు నోరు మూసుకొని ఉండుండ్రి. ఆ పిల్లకున్న దుఃఖం చాలదా?” అంది సఫియా.

ఆయన వినలేదు. కిందికి దిగాడు. బ్లాకు కింద ఖాళీ జాగాలో గుడ్డలు కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. శవపేటిక పక్కన యోగేశ్వరి అత్తగారు సొమ్మసిల్లి పడుకునుంది. వచ్చినవాళ్ళకు యోగేశ్వరే మంచినీళ్ళిస్తోంది. ఆమెను చూడగానే అక్తర్ చేతులు జోడించాడు.

“బేటా, నన్ను మాఫ్ చెయ్యి. నల్లది ఇట్ల చేస్తదని నాకు తెల్వదు, అల్లా కసం. నీ సంసారం నా నోటితోని ఖరాబైంది.” ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

యోగేశ్వరి ఆయన్ని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. గ్లాసు చేతికిచ్చింది. తాగేదాకా పక్కనే నిలబడి, అటూ ఇటూ చూసి, ఓదార్చడానికన్నట్టు వంగింది.

“ఏడవకండి అంకుల్. మీరు చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా తప్పు పోలేదు.”

“మరి నల్లది...”

“చెక్కదే కొనిపించాను.”